ఆఫీసు నెట్‌పై నిఘా: ఏది చూడాలె, ఏది చూడొద్దు?

1. పద్దులపుస్తకం (మిర్యాలగూడ)

అందరికీ నమస్తే. పాతికమంది కూర్చొని పనిచేసే ఆఫీసు అనుకోండి. రైస్ మిల్లు ఆఫీసు కావచ్చు, ట్రాన్స్‌పోర్టు కావచ్చు, చిన్న బీపీఓ కావచ్చు. అందరికీ కలిపి ఒకటే 100 ఎంబీపీఎస్ ఫైబర్ లైను. పొద్దుగాల పదకొండు దాటిందంటే సరుకు బండికి తీసే ఈ-వే బిల్లు పేజీ గిరగిర తిరుగుతనే ఉంటది. యజమాని నోట్ల నుంచి వచ్చే మొదటి మాట: "అందరు యూట్యూబ్ చూస్తున్నరు, ఎవరేం చూస్తున్నరో నాకు కనిపించాలె." సాఫ్ట్‌వేర్ అమ్మేటోడు వచ్చి ఐదు నిమిషాలకొకసారి స్క్రీన్ ఫొటో తీసే సరుకు చూపిస్తడు. ఇటు పనిచేసేటోళ్లేమో "మా వాట్సాప్ కూడా చదువుతరా" అని భయపడ్తరు.

అడిగేది ఇంతే. నెట్ యజమానిది కాబట్టి అన్నీ చూసే హక్కు ఉన్నదా? రౌటర్‌ల నిజంగ ఏం కనబడ్తది, ఏం కనబడది? చట్టం ఏమంటది? తెలిసినోళ్లు లెక్కలతోని చెప్పండి, ఉత్త అభిప్రాయాలు వద్దు.

2. గల్లాపెట్టె (నల్లగొండ)

ఇందుల చర్చ ఏమున్నది? కంప్యూటర్ నాది, కరెంటు నాది, నెట్ బిల్లు నాది, జీతం నేనిస్తున్న. గల్లాపెట్టె మీద కెమెరా పెడితే ఎవ్వరు అడగరు, నెట్ మీద పెడితేనే హక్కులు యాదికొస్తయా?

3. వైరుకత్తెర (నల్లగొండ)

హక్కుల సంగతి తర్వాత చూద్దాం గల్లన్నా. ముందు ఏం కనబడ్తదో చెప్తా, చాలామంది ఈడనే తప్పుల పడ్తరు.

ఇప్పుడు దాదాపు అన్ని సైట్లు హెచ్‌టీటీపీఎస్ మీదనే, అంటే మధ్యల ఎవ్వరు చదవకుంట తాళమేసిన దారిలనే నడుస్తయి. మామూలు రౌటర్ లాగ్‌ల (రౌటర్ రాసుకునే చిట్టాల) కనబడేవి నాలుగే: ఏ ఐపీ (నెట్‌వర్క్‌ల ఒక్కో కంప్యూటర్‌కు ఉండే నంబరు) నుంచి, ఏ సైటు పేరుకు, ఎన్ని గంటలకు, ఎన్ని ఎంబీలు. సైటు పేరు డీఎన్‌ఎస్ ప్రశ్నల నుంచి (పేరు చెప్పి సైటు నంబరు అడిగేవి) దొరుకుతది, లేకపోతే కనెక్షన్ మొదలైనప్పుడు తాళం లేకుంట పోయే సైటు పేరు, ఎస్‌ఎన్‌ఐ నుంచి. ఆ సైటుల ఏ పేజీ తెరిచిండు, ఏం రాసిండు, ఎవరికి ఏం పంపిండు, ఇవేవీ కనబడవు. వాట్సాప్ వాడిండని తెలుస్తది, ఏమన్నడో తెల్వదు. ఇన్‌కాగ్నిటోల తెరిచినా సైటు పేరు లాగ్‌ల పడ్తది. అది కంప్యూటర్‌ల హిస్టరీ మిగలకుంట చేస్తది గానీ నెట్‌వర్క్ నుంచి దాచదు.

ఇగ అసలు తిరకాసు. లాగ్‌ల పేరు కనబడ్డదంటే మనిషి ఆ సైటు చూసినట్టు కాదు. ఒక తెలుగు వార్తల సైటు తెరవండి. ఆ ఒక్క పేజీ వెనక ప్రకటనలకు, లెక్కలకు, లైక్ బటన్లకు పదులకొద్ది వేరే సైట్లకు ప్రశ్నలు పోతయి. అందుల ఫేస్‌బుక్ ఉంటది, యూట్యూబ్ ఉంటది, పేరు తెల్వని ప్రకటనల కంపెనీలుంటయి. ధాన్యం రేటు చూద్దామని వార్తల పేజీ తెరిచి పెట్టి టీకి పోయినోని ఐపీ మీద "ఫేస్‌బుక్ 40 సార్లు" అని రిపోర్టు వస్తది. పేజీ తనంతట తాను రిఫ్రెష్ అయితే ఇంకో నలభై. ఆ రిపోర్టు చేతుల పట్టుకొని మనిషిని నిలదీస్తే ఎట్ల?

4. పద్దులపుస్తకం (మిర్యాలగూడ)

మరి ఎంబీల లెక్క? 2 జీబీ వాడిండంటే వీడియో చూసినట్టే కదా అన్నా?

5. వైరుకత్తెర (నల్లగొండ)

కాదు తమ్మీ. విండోస్ అప్‌డేట్ ఒక్కసారి దిగితే వందల ఎంబీలు, పెద్దదైతే జీబీలల్ల ఉంటది. పాతిక కంప్యూటర్లు ఒక్కరోజే దింపుకుంటే లైను అక్కడికక్కడనే ఆగుతది. ఇంకో దొంగ ఫోన్ల ఫొటో బ్యాకప్. పొద్దున ఫోను ఆఫీసు వైఫై ఎక్కంగనే రాత్రి పెండ్లి ఫొటోలన్నీ క్లౌడ్‌కు ఎక్కుడు షురూ అయితది. అప్‌లోడ్ నిండితే డౌన్‌లోడ్ కూడా నత్తనడక నడుస్తది, ఎందుకంటే ప్రతి డౌన్‌లోడ్‌కు "ముట్టింది" అనే చిన్న జవాబు అప్‌లోడ్ దారిలనే వెనక్కి పోవాలె. ఈ-వే బిల్లు పేజీ తిరుగుడుకు సగం కారణం ఇదే.

యూట్యూబ్ లెక్క వేరే. 1080పీ వీడియోకు సుమారు 5 ఎంబీపీఎస్ అనుకో. పాతికమంది ఒక్కసారే చూస్తే 125, లైను మునుగుతది. అట్ల అందరు ఒక్కసారే చూసే ఆఫీసుల నెట్ సమస్య కాదు, పని లేకపోవుడు సమస్య.

లైను నెమ్మదిగుందని నిఘా పెట్టుడంటే, మోటరు నీళ్లు తక్కువ పోస్తుందని బాయికాడ మనిషిని కావలి పెట్టినట్టు. వాల్వు సరిచెయ్యాలె. రౌటర్‌ల క్యూ అనే ఏర్పాటు ఉంటది. మొత్తం హద్దు 100కు కాకుండ 92 దగ్గర పెట్టాలె. అప్పుడు డేటా వరుస నెట్ కంపెనీ కాడ కాకుండ మన రౌటర్‌ల కడ్తది, ఎవరిని ముందు పంపాలెనో మన చేతుల ఉంటది. ఆఫీసు కంప్యూటర్లకు మొదటి వరుస. ఫోన్ల వైఫైకి అన్నిటికి కలిపి 20, ఒక్కో ఫోనుకు 3. విండోస్ అప్‌డేట్ రాత్రికి మార్చాలె. ఎవరేం చూస్తున్నరో ఒక్క ముక్క తెల్వకుంటనే సగం లొల్లి సద్దుమణుగుతది.

6. గల్లాపెట్టె (నల్లగొండ)

సరే, లైను సంగతి ఒప్పుకున్న. మరి టైము? ఎనిమిది గంటల జీతం తీసుకొని రెండు గంటలు క్రికెట్ చూస్తే? దానికి స్క్రీన్ ఫొటో సాఫ్ట్‌వేరే మందు.

7. సున్నా_ఒకటి (వనపర్తి)

ఆ మందుకు లెక్క కడదాం సార్. 5 నిమిషాలకొకటి అంటే 8 గంటలకు ఒక మనిషికి 96 ఫొటోలు. పాతికమందికి రోజుకు 2,400. ఒక్కొక్కటి 200 కేబీ అనుకున్నా రోజుకు 480 ఎంబీ, 26 పనిదినాలకు 12 జీబీ దాటుతుంది. డిస్కు చవకే, సమస్య అది కాదు. ఒక్కో ఫొటో మీద 5 సెకన్లు కన్ను పెట్టినా రోజుకు 3 గంటల 20 నిమిషాలు. ఎవరు చూస్తారు? ఎవరూ చూడరు. ఎవరి మీదనో కోపం వచ్చిన రోజు వాళ్ల ఫొటోలు మాత్రమే తీసి చూస్తారు.

ఇక "యాక్టివ్ టైమ్" లెక్క. మౌస్, కీబోర్డు కదిలితే పని, కదలకపోతే ఖాళీ అని రాసుకుంటుంది. కాగితం మీద కాటా చీటీలు కలుపుకునే గుమస్తా ఖాళీగా కూర్చున్నట్టు వస్తాడు. ఫోన్‌లో బేరం మాట్లాడే మనిషీ అంతే. పని చెయ్యనోడు మౌస్‌ను తనంతట తాను కదిపే చిన్న పరికరం కొని యూఎస్‌బీకి గుచ్చుతాడు, వాడికి నూటికి నూరు మార్కులు.

ఫ్రాన్స్‌లో అమెజాన్ గోదాముల సంస్థకు అక్కడి డేటా రక్షణ అధికారులు 2023 డిసెంబరులో 3.2 కోట్ల యూరోల జరిమానా వేశారు. చేతి స్కానర్ 10 నిమిషాలు ఆగితే ఒక గుర్తు, రెండు వస్తువుల మధ్య 1.25 సెకన్ల కంటే తక్కువ తేడా ఉంటే ఇంకో గుర్తు. నెమ్మదైనా తప్పే, తొందరైనా తప్పే. అంత సన్నగా కొలవడం అతి అని తేల్చారు.

8. ల్యాబ్‌కోటు (జడ్చర్ల)

అందరినీ ఒకే గాటన కట్టకండి. పోలేపల్లి సెజ్‌లాంటి చోట మందుల కంపెనీ ల్యాబులో నిఘా లేకపోతే సరుకు అమెరికా పోదు. అక్కడి మందుల నియంత్రణ సంస్థ ఎఫ్‌డీఏ నియమం, 1997లో వచ్చిన పార్ట్ 11 ప్రకారం, పరీక్ష ఫలితం ఎవరు ఎన్ని గంటలకు నమోదు చేశారు, ఎవరు మార్చారు, మార్చకముందు అంకె ఏమిటి అన్నది ఆడిట్ ట్రెయిల్ అనే చెరపలేని చిట్టాలో ఉండాలి. ఒక లాగిన్ ఇద్దరు వాడితే అదే పెద్ద తప్పు. కంప్యూటర్ గడియారం మార్చే అధికారం కెమిస్టుకు ఉండకూడదు.

కానీ ఒకటి గమనించండి. అక్కడ గమనించేది రికార్డును, మనిషి ఇష్టాయిష్టాలను కాదు. ఆ కంప్యూటర్లకు ఇంటర్నెట్టే ఇవ్వకపోవడం మంచి పద్ధతి. యూఎస్‌బీ మూసేసి, వేరే వీలాన్‌లో (అదే వైర్ల మీద విడదీసిన వేరే నెట్‌వర్క్‌లో) పెడతారు. ఇంటర్నెట్ లేనిచోట ఇంటర్నెట్ నిఘా గొడవే రాదు. మెయిల్ చూసుకోవడానికి క్యాంటీన్ పక్కన విడిగా రెండు కంప్యూటర్లు పెడితే సరిపోతుంది.

9. రాత్రిషిఫ్టు (మహబూబ్‌నగర్)

దివిటిపల్లి ఐటీ టవర్ లాంటి చోట ఉండే చిన్న కంపెనీలకు ఇంకో ఒత్తిడి ఉంటుంది, అది క్లయింటు నుంచి వస్తుంది. అమెరికా ఆసుపత్రుల మెడికల్ కోడింగ్ చేస్తే హిపా అనే అక్కడి వైద్య రికార్డుల గోప్యత నియమాలు, కార్డు నంబర్లు ముట్టుకుంటే పీసీఐ డీఎస్ఎస్ అనే కార్డు కంపెనీల భద్రతా ప్రమాణం. పీసీఐ ప్రకారం ఆడిట్ లాగులు 12 నెలలు దాచాలి, అందులో చివరి 3 నెలలవి అడగ్గానే చూపించేలా ఉండాలి. ఇది యజమాని సరదా కాదు, కాంట్రాక్టు. ఉద్యోగుల వైపు నుంచి అడగాల్సింది "నిఘా వద్దు" అని కాదు, "ఏ కంప్యూటర్ మీద, ఏ డేటాకు, ఎన్నాళ్లు, ఎవరు చూస్తారు" అని. పేషెంటు రికార్డు తెరిచిన కంప్యూటర్ మీద లాగ్ ఉండాలి. దాన్ని సాకుగా పెట్టుకొని నా సొంత ఫోన్‌లో యాప్ వేసుకొమ్మంటే కుదరదు.

ఫోన్‌లో ఆఫీసు మెయిల్ తప్పదంటే ఆండ్రాయిడ్‌లో వర్క్ ప్రొఫైల్ అడగండి. పెట్టె గుర్తు ఉన్న యాప్‌ల వరకే కంపెనీ చెయ్యి చేరుతుంది, మిగతా ఫొటోలు, మెసేజ్‌లు దానికి అందవు. మొత్తం ఫోన్‌ను కంపెనీ అదుపులోకి తీసుకునే పద్ధతి వేరే ఉంది, అది కంపెనీ కొనిచ్చిన ఫోనుకే సరి.

10. పద్దులపుస్తకం (మిర్యాలగూడ)

అక్కా, నా కంప్యూటర్ మీద నిఘా ఉన్నదో లేదో ఉద్యోగి ఎట్ల తెలుసుకోవాలె?

11. రాత్రిషిఫ్టు (మహబూబ్‌నగర్)

మూడు చోట్ల చూడాలి తమ్ముడూ. క్రోమ్ మెనూ అడుగున "మీ సంస్థ నిర్వహిస్తోంది" అని ఉంటే పాలసీలు (కంపెనీ పెట్టిన సెట్టింగులు) వేశారని అర్థం. అడ్రసు గడిలో chrome://policy అని కొట్టి ఆ పేజీ తెరిస్తే అవేంటో వరుసగా కనిపిస్తాయి. రెండోది, విండోస్ సెట్టింగ్స్‌లో అకౌంట్స్, అందులో "యాక్సెస్ వర్క్ ఆర్ స్కూల్". మూడోది ముఖ్యం: బ్యాంకు సైటు తెరిచి, అడ్రసు మొదట్లో ఉండే గుర్తు నొక్కి సర్టిఫికెట్ (సైటు అసలుదేనని చెప్పే డిజిటల్ పత్రం) ఎవరిచ్చారో చూడండి. తెలిసిన సర్టిఫికెట్ సంస్థ పేరుకు బదులు ఆఫీసు ఫైర్‌వాల్ (నెట్ గేటు దగ్గర కాపలా డబ్బా) పేరో, కంపెనీ పేరో ఉంటే మధ్యలో విప్పి చదువుతున్నారన్నమాట. అలాంటి కంప్యూటర్ మీద సొంత బ్యాంకు లాగిన్ పెట్టకండి. స్క్రీన్ ఫొటో సాఫ్ట్‌వేర్ మాత్రం ఈ మూడింట్లోనూ కనిపించకపోవచ్చు. దాక్కొని నడిచేలా తయారు చేసినవి ఉంటాయి.

12. గల్లాపెట్టె (నల్లగొండ)

మధ్యల విప్పి చదివే పద్ధతి ఉందా? గదే గావాలె నాకు. ఎట్ల చేస్తరు?

13. వైరుకత్తెర (నల్లగొండ)

ఎలుకలున్నయని ఇల్లు కాలబెట్టుకునుడు అన్నా అది. దీన్ని టీఎల్‌ఎస్ ఇన్‌స్పెక్షన్ అంటరు. ఫైర్‌వాల్ ప్రతి సైటుకు తనే ఒక దొంగ సర్టిఫికెట్ తయారుచేస్తది. దాన్ని బ్రౌజర్ నమ్మాలంటే ఫైర్‌వాల్ రూట్ సర్టిఫికెట్ (మిగతా సర్టిఫికెట్లను నమ్మించే మూలం) ప్రతి కంప్యూటర్‌ల ఎక్కించాలె. ఎక్కించినంక పాస్‌వర్డులు, ఓటీపీలు, బ్యాంకు పేజీలు, డాక్టరు రిపోర్టులు అన్నీ ఆ డబ్బాల తెరిచిన ఉత్తరాలే.

ఏం చెడిపోతదంటే, సర్టిఫికెట్ పిన్నింగ్ ఉన్న, అంటే తమ సొంత సర్టిఫికెట్ తప్ప వేరేది నమ్మని యాప్‌లు వెంటనే ఆగుతయి. బ్యాంకు యాప్‌లు, కొన్ని అప్‌డేట్ ప్రోగ్రాములు అట్లాంటివే. మినహాయింపుల జాబితా రాసుకుంట పోవాలె, అది ఎన్నటికి అయిపోదు. చిన్న ఫైర్‌వాల్ ప్రాసెసర్‌కు ఇది మోయలేని బరువు. 100 ఎంబీపీఎస్ లైను ఉన్నా డబ్బా దాటి వచ్చేది అందుల సగం కూడా కాకపోవచ్చు. అన్నిటికంటె పెద్ద ముప్పు రూట్ తాళంచెవి. అది దొంగతనం పోతే ఆ కంప్యూటర్లన్నీ ఏ దొంగ సైటునైనా అసలుదని నమ్ముతయి. 2015 ఫిబ్రవరిల లెనోవో ల్యాప్‌టాప్‌లల్ల అమ్మేముందే ఎక్కించిన ప్రకటనల సాఫ్ట్‌వేర్ సూపర్‌ఫిష్ లొల్లి గిదే. అన్ని ల్యాప్‌టాప్‌లల్ల ఒకటే రూట్ సర్టిఫికెట్, దాని తాళం కూడా ఒకటే, అది బయటపడ్డది.

బ్యాంకులకు, పెద్ద కంపెనీలకు దీన్ని చూసుకునే మనుషులు వేరే ఉంటరు. పాతికమంది ఆఫీసుకు ఒద్దే ఒద్దు.

14. చట్టంపుట (నల్లగొండ)

చట్టం సంగతి నాకు తెలిసినంత చెబుతాను. గల్లాపెట్టె గారూ, "నెట్ నాది కాబట్టి అన్నీ నావి" అన్నది సగమే నిజం.

గోప్యత ప్రాథమిక హక్కు అని పుట్టస్వామి కేసులో తొమ్మిదిమంది జడ్జీల సుప్రీంకోర్టు ధర్మాసనం 2017 ఆగస్టు 24న తేల్చింది. అది ప్రధానంగా ప్రభుత్వానికి ఎదురుగా నిలిచే హక్కు. ప్రైవేటు యజమానిని కట్టేది 2023 నాటి డిజిటల్ వ్యక్తిగత డేటా రక్షణ చట్టం. దాని నియమాలు 2025 నవంబరులో వచ్చాయి. ముఖ్యమైన బాధ్యతలు 18 నెలల తర్వాత, అంటే 2027 మేలో అమల్లోకి వస్తాయి. అప్పటిదాకా డేటా భద్రతలో నిర్లక్ష్యానికి పరిహారం చెప్పే ఐటీ చట్టం పాత సెక్షన్ 43ఏ ఉంటుంది.

ఈ కొత్త చట్టంలో సెక్షన్ 7 యజమానికి అనుకూలంగానే ఉంది. ఉద్యోగానికి సంబంధించిన అవసరాలకు, వ్యాపార రహస్యాలు బయటికి పోకుండా, నష్టం రాకుండా కాపాడుకోవడానికి డేటా వాడితే ఉద్యోగి సమ్మతి అక్కర్లేదు. కానీ ఆ వాక్యం గేటు మాత్రమే. గేటు దాటాక, తీసుకున్న డేటాను భద్రంగా ఉంచాల్సిన బాధ్యత మీది. భద్రత చర్యల్లో లోపానికి జరిమానా 250 కోట్ల రూపాయల దాకా ఉంది. ఇప్పుడు పైన లెక్కకట్టిన రోజుకు 2,400 ఫొటోలు గుర్తు చేసుకోండి. వాటిలో కస్టమర్ల ఆధార్, ఉద్యోగి బ్యాంకు నిల్వ, ఎవరిదో వైద్య రిపోర్టు, అన్నీ ఉంటాయి. ఆ డిస్కు పోయిందంటే డేటా రక్షణ బోర్డుకు, ఆ మనుషులకు తెలియజేయాలి, బోర్డుకు 72 గంటల్లో వివరాలివ్వాలి. ఎంత ఎక్కువ పోగేస్తే అంత ఎక్కువ మోయాలి.

ఇంకోటి ఎవరూ చెప్పనిది. భారతీయ న్యాయ సంహిత సెక్షన్ 78 స్టాకింగ్ గురించి. ఒక స్త్రీ ఇంటర్నెట్, ఈమెయిల్, ఇతర ఎలక్ట్రానిక్ సంభాషణల వాడకాన్ని ఒక పురుషుడు గమనిస్తూ ఉండడం కూడా ఆ నిర్వచనంలో ఉంది. మొదటిసారి నేరానికి మూడేళ్ల దాకా జైలు. ఆ పరిస్థితుల్లో చేసింది సమంజసమైతే మినహాయింపు ఉంది. కానీ రాతపూర్వక పాలసీ లేకుండా, ఒకే ఒక్క మహిళా ఉద్యోగి స్క్రీను మాత్రమే చూస్తూ కూర్చున్న అడ్మిన్ ఆ సమంజసాన్ని ఎలా చూపించుకుంటాడో ఆలోచించండి.

15. గల్లాపెట్టె (నల్లగొండ)

ఈ సెక్షన్ 78 ముచ్చట నాకు తెల్వదు సారూ. అంటే చూసే అధికారం ఒక్క మనిషి చేతుల పెట్టుడే తప్పన్నమాట.

16. రాత్రిషిఫ్టు (మహబూబ్‌నగర్)

అవును. కంచే చేను మేసే చోటు అదే. లాగ్ తెరవాలంటే ఇద్దరు ఉండాలి, ఒకరు హెచ్ఆర్ లేదా యజమాని, ఒకరు అడ్మిన్. ఎప్పుడు తెరిచారు, ఎందుకు తెరిచారు అని ఒక రిజిస్టరులో రాసి ఇద్దరూ సంతకం పెట్టాలి. లాగ్ చూసినవాళ్ల లాగ్ కూడా ఉండాలి.

17. సున్నా_ఒకటి (వనపర్తి)

చట్టంపుట గారూ, నోటీసు ఇవ్వడం తప్పనిసరా? సెక్షన్ 7 కింద సమ్మతి అక్కర్లేదంటే నోటీసు కూడా అక్కర్లేదని ఎక్కడో చదివాను.

18. చట్టంపుట (నల్లగొండ)

చట్టంలో నోటీసు సమ్మతితో ముడిపడి ఉంది కాబట్టి ఆ వాదన ఉన్నమాట నిజమే. అయినా ఇవ్వండి, రెండు కారణాలకు.

ఒకటి, ఉద్యోగం నుంచి తీసేసేటప్పుడు. తెలంగాణ దుకాణాలు, సంస్థల చట్టం, 1988 ప్రకారం ఆరు నెలలు నిండిన ఉద్యోగిని సరైన కారణం లేకుండా, నెల నోటీసు లేదా నెల జీతం ఇవ్వకుండా తీసేయకూడదు. దుష్ప్రవర్తన అంటే విచారణ జరిపి ఆధారం నమోదు చేయాలి. "ఇది చేయకూడదని నాకెవరూ చెప్పలేదు" అని ఉద్యోగి అంటే మీ దగ్గర సంతకం ఉన్న కాగితం ఉండాలి.

రెండు, రేపు మన కోర్టులు దీన్ని ఎలా కొలుస్తాయో ఊహించడానికి ఐరోపా మానవ హక్కుల న్యాయస్థానం ఇచ్చిన బార్బులెస్కు తీర్పు చూడండి. రుమేనియా ఉద్యోగి. కంపెనీ పని కోసం తెరిచిన యాహూ మెసెంజర్‌లో ఇంటివాళ్లతో మాట్లాడాడని 2007లో తీసేశారు. కంపెనీ ఆ మాటలన్నీ అచ్చు తీసి పెట్టింది. 2017 సెప్టెంబరు 5న 11 మంది జడ్జీలు ఉద్యోగి వైపు, 6గురు అటువైపు. సొంత వాడకం నిషేధమని అతనికి తెలుసు. అయినా మాటల లోపలి విషయం కూడా చదువుతారని ముందుగా చెప్పారా, అంత లోతుకు పోకుండా పని జరగదా అన్నది కింది కోర్టులు సరిగా చూడలేదని తప్పుపట్టారు. ఇది మనల్ని కట్టదు. కానీ ప్రశ్నలు అవే వస్తాయి.

19. పద్దులపుస్తకం (మిర్యాలగూడ)

ఇగ పని మాట. పాతికమంది ఆఫీసుకు వైరుకత్తెర అన్న అయితే ఏమేం పెడతడు? వరుసగ చెప్పన్నా.

20. వైరుకత్తెర (నల్లగొండ)

మొదలు నెట్‌వర్క్‌ను రెండు చెయ్యాలె. ఆఫీసు కంప్యూటర్లు, ప్రింటర్లు ఒక వీలాన్. ఫోన్లు, వచ్చిపోయేటోళ్లు ఇంకో వైఫై. రెండోదాని నుంచి మొదటిదాని మొహం కూడా కనబడొద్దు. ట్యాలీ డేటా ఉన్న కంప్యూటర్ ఫోన్ల వైఫై నుంచి అందుతుందంటే సైట్ల నిఘా ఎంత పెట్టినా వేస్టే.

తర్వాత డీఎన్‌ఎస్ వడపోత. ఉచితంగనే దొరుకుతది. రౌటర్‌ల డీఎన్‌ఎస్‌గ క్లౌడ్‌ఫ్లేర్ కంపెనీ 1.1.1.2 పెడితే వైరస్ సైట్లు ఆగుతయి, 1.1.1.3 పెడితే అశ్లీలం కూడా ఆగుతది. క్వాడ్9 వాళ్ల 9.9.9.9 కూడా మంచిదే. పెట్టి ఊకుంటే కాదు. ఎవడన్న తన కంప్యూటర్‌ల గూగుల్ డీఎన్‌ఎస్ 8.8.8.8 రాసుకుంటే దాటిపోతడు. అందుకే డీఎన్‌ఎస్ వాడే 53 పోర్టుకు (పోర్టంటే ఒక్కో పనికి ఉండే తలుపు నంబరు) పోయే ప్రతిదాన్ని రౌటర్ తనవైపు మళ్లించే నాట్ రూల్ రాయాలె, తాళమేసిన డీఎన్‌ఎస్ పోయే 853 పోర్టు మూసెయ్యాలె. బ్రౌజర్ల లోపలి డీఎన్‌ఎస్ ఓవర్ హెచ్‌టీటీపీఎస్ మాత్రం మామూలు సైట్లు పోయే 443 మీదనే పోతది, పోర్టు మూస్తే పని కాదు. ఆఫీసు కంప్యూటర్లల్ల పాలసీ పెట్టి బంద్ చెయ్యాలె. ఫోన్ల జోలికి పోకండి. వాళ్ల సొంత 5జీ ఉండంగ వైఫై మీద ఎంత బిగించినా లాభం లేదు.

ఇగ లాగ్. మైక్రోటిక్ లాంటి రౌటర్‌ల లాగ్ మామూలుగ మెమరీలనే, వెయ్యి వరుసలే ఉంటది. పాతికమంది ఆఫీసుల అది నిమిషాలల్ల నిండి పాతది పోతది, కరెంటు పోతే మొత్తం పోతది. అందుకే సిస్‌లాగ్ (లాగ్‌ను వేరే డబ్బాకు పంపే పద్ధతి) పెట్టి ఒక పాత కంప్యూటర్‌కో రాస్ప్‌బెర్రీ పై అనే చిన్న కంప్యూటర్‌కో పంపాలె. ఒక్కో కంప్యూటర్‌కు రోజుకు 4,000 డీఎన్‌ఎస్ ప్రశ్నలు, వరుసకు 150 బైట్లు అనుకుంటే మొత్తం రోజుకు 15 ఎంబీ, 180 రోజులకు 2.7 జీబీ. చిన్న కార్డుల పడ్తది.

ఎందుకు 180 అంటే కేంద్ర సైబర్ భద్రత సంస్థ సెర్ట్-ఇన్ 2022 ఏప్రిల్ 28న ఇచ్చిన ఆదేశం. కంపెనీలు లాగులు 180 రోజులు దేశంలనే దాచాలె, సైబర్ దాడి తెలిసినంక 6 గంటలల్ల రిపోర్టు చెయ్యాలె. దొంగలు పడ్డ ఆర్నెల్లకు కుక్కలు మొరిగినయంటరు కదా, ఈడ ఆ ఆర్నెల్లు నిజంగనే పనికొస్తయి. వైరస్ వచ్చిన రోజు ఒకటి, బయటపడే రోజు ఇంకోటి.

గడియారం మరువకండి. చిన్న రౌటర్లల్ల గడియారానికి బ్యాటరీ ఉండది. కరెంటు పోయి వస్తే 1970 నుంచి మొదలుపెట్టేవి ఉన్నయి. ఆ తేదీ ఉన్న లాగ్ ఎవరి మీద ఏం నిరూపిస్తది? నెట్ నుంచి టైము సరిచేసుకునే ఎన్‌టీపీ పెట్టాలె, సెర్ట్-ఇన్ చెప్పింది కూడా ప్రభుత్వ సంస్థలైన ఎన్‌ఐసీ లేదా ఎన్‌పీఎల్ టైమ్ సర్వర్లతోని కలపమనే. రౌటర్‌కు, లాగ్ దాచే డబ్బాకు కలిపి ఒక చిన్న యూపీఎస్.

ఆఖరుది, ఐపీ నుంచి మనిషి దాకా దారి. రౌటర్‌ల ఐపీలు పంచే డీహెచ్‌సీపీ ఇయ్యాల ఒకరికి ఇచ్చిన ఐపీ రేపు ఇంకొకరికి ఇస్తది. ఆఫీసు కంప్యూటర్లకు మ్యాక్ అడ్రసు (నెట్ కార్డుకు ఉండే సొంత నంబరు) పట్టి ఐపీలు ఖాయం చెయ్యాలె, ప్రతి మనిషికి విండోస్ లాగిన్ వేరే ఉండాలె. ఒకటే పాస్‌వర్డు నలుగురు వాడే మిల్లు కంప్యూటర్ మీద లాగ్ ఎంత పక్కాగున్నా మనిషి తేలడు. ఆండ్రాయిడ్ 10 నుంచి ఫోన్లు ఒక్కో వైఫైకి ఒక్కో ఉత్తుత్తి మ్యాక్ చూపిస్తయి, కాబట్టి ఫోన్ల విషయంల ఈ లెక్క నడవది.

21. గల్లాపెట్టె (నల్లగొండ)

వాట్సాప్ వెబ్ ఆపాల్నా వద్దా?

22. పద్దులపుస్తకం (మిర్యాలగూడ)

మిల్లుల వాట్సాప్ ఆపితే ధాన్యం బండ్లు గేటుకాన్నే ఆగుతయి సార్. రేట్లు, కాటా చీటీలు, లారీ నంబర్లు అన్నీ దాంట్లనే. ఆపాల్సినవి ఎనీడెస్క్, టీమ్‌వ్యూయర్ లాంటివి. బ్యాంకు నుంచి అని ఫోన్ చేసి అవి ఎక్కించమంటరు, ఎక్కించినంక కంప్యూటర్ వాళ్ల చేతికి పోతది. ట్యాలీ సర్వీసు ఆయనకు కావాలంటే ఆ గంటకు తెరిచి మళ్ల మూసెయ్యాలె. పైసలు పోతే వెంటనే సైబర్ మోసాల నంబరు 1930కి కొట్టాలె. బ్యాంకు పని చేసే కంప్యూటర్ ఒక్కటి విడిగ పెట్టి, దాంట్ల బ్యాంకు, జీఎస్టీ, ఈ-వే బిల్లు సైట్లు తప్ప ఏవీ తెరుచుకోకుంట చేస్తే ఇంకా మంచిది.

23. ల్యాబ్‌కోటు (జడ్చర్ల)

విచారణ దాకా పోతే లాగ్‌ను ఎలా చూపించాలి? ఎక్సెల్‌లో పెట్టి అచ్చు తీస్తే ఎవరైనా మార్చారని అంటారు కదా.

24. చట్టంపుట (నల్లగొండ)

సంస్థ లోపలి విచారణలో సాక్ష్య చట్టాన్ని అక్షరాలా పాటించక్కర్లేదు. కానీ కోర్టుకు పోతుందనుకునే తయారవ్వండి. అసలు లాగ్ ఫైలును ముట్టుకోకుండా ఆ రోజే కాపీ తీసి, ఎస్‌హెచ్‌ఏ-256 హ్యాష్ (ఫైలులో ఒక్క అక్షరం మారినా మారిపోయే, వేలిముద్ర లాంటి సంఖ్య) లెక్కించి, ఇద్దరు సాక్షుల ముందు కాగితం మీద రాయండి. 2024 జులై 1 నుంచి అమల్లో ఉన్న భారతీయ సాక్ష్య అధినియమ్ సెక్షన్ 63 ధ్రువపత్రంలో హ్యాష్ విలువ అడుగుతారు. దానిలో రెండు భాగాలు: ఒకటి ఇచ్చేవారిది, రెండోది నిపుణుడిది. ఉద్యోగికి ఆ లాగ్ కాపీ ఇచ్చి, జవాబు చెప్పుకునే గడువు ఇవ్వాలి. వైరుకత్తెర గారు చెప్పిన "వార్తల పేజీ వెనక ఫేస్‌బుక్" వాదన అతను ఎత్తవచ్చు, ఎత్తితే దానికి మీ దగ్గర జవాబు ఉండాలి. సాధారణంగా ఉండదు. అందుకే సైటు పేర్ల లాగ్ ఒక్కటే పట్టుకొని మనిషిని తీసేయకండి. పని మిగిలిపోయింది, గడువు దాటింది, డేటా బయటికి పోయింది, ఇలాంటి వేరే ఆధారం పక్కన ఉండాలి.

25. గల్లాపెట్టె (నల్లగొండ)

సరే, స్క్రీన్ ఫొటోల సాఫ్ట్‌వేర్ వద్దు. అయితే పని చెయ్యనోనికి మందు లాగ్‌ల లేదంటరు మీరంతా. నాకైతే పూర్తిగ నచ్చలే, కొంత భయం ఉంటేనే పని నడుస్తది. నోటీసు అయితే పెడత. ఎట్ల రాయాలె?

26. రాత్రిషిఫ్టు (మహబూబ్‌నగర్)

ఒక పేజీ చాలు, వకీలు భాష వద్దు. ఇలా రాయండి:

"ఈ ఆఫీసు నెట్ వాడే కంప్యూటర్ల నుంచి ఏ సైటు పేరు, ఎన్ని గంటలకు, ఎంత డేటా అన్నది నమోదవుతుంది. మెసేజ్‌ల లోపల ఏముందో మేము చదవము, స్క్రీన్ ఫొటోలు తీయము. ఈ నమోదు 180 రోజులు ఉంటుంది, తర్వాత చెరిపేస్తాము. వైరస్, డేటా దొంగతనం, రాతపూర్వక ఫిర్యాదు, ఈ మూడు కారణాలకే ఇద్దరు కలిసి తెరుస్తారు. తెరిచిన వివరం ఆ ఉద్యోగికి చెబుతాము. భోజన విరామంలో సొంత పనికి నెట్ వాడుకోవచ్చు. సొంత ఫోన్లకు వేరే వైఫై ఉంది, దాని మీద వేగానికి హద్దు ఉంది, సైట్ల నమోదు లేదు."

చేయలేనిది రాయకండి. "సైట్ల నమోదు లేదు" అని రాసి ఫోన్ల వీలాన్ డీఎన్‌ఎస్ కూడా అదే సిస్‌లాగ్‌కు పంపితే ఆ కాగితం అబద్ధమవుతుంది. సంతకం పెట్టించుకొని ఒక కాపీ వాళ్లకే ఇవ్వండి.

27. వైరుకత్తెర (నల్లగొండ)

మంచిగ యాది చేసినవ్ అక్కా. సిస్‌లాగ్‌ల డీఎన్‌ఎస్ ప్రశ్నల లాగ్ ఎక్కిస్తే రెండు వీలాన్లవీ కలిసే పోతయి, మామూలుగ విడిపోవు. ఫోన్ల వీలాన్‌కు రౌటర్ ఐపీ కాకుండ నేరుగ 1.1.1.3నే డీహెచ్‌సీపీల ఇవ్వండి. నాట్ మళ్లింపు రూల్‌ను ఆఫీసు వీలాన్‌కే పరిమితం చెయ్యండి. అప్పుడు ఫోన్ల ప్రశ్నలు మన డబ్బాల పడనే పడవు.

28. పద్దులపుస్తకం (మిర్యాలగూడ)

ఫోన్ల వైఫై మిల్లు హమాలీలు కూడా వాడుకుంటరు, అందుల సగంమంది బీహారోళ్లు. నోటీసు తెలుగుల ఒకటి, హిందీల ఒకటి అచ్చు తీయించి కాటా గదిల స్విచ్ బోర్డు పక్కన అతికిస్త. ఉనుక దుమ్ముకు వారంల చదవరాకుంట అయితది, ల్యామినేషన్ చేయించాలె.